షాబాన్ పదో తారీఖు

వనపర్తిలో ఒక ఇంటర్నెట్ సెంటరు, 2007. హజ్‌కు పోవడానికి పాస్‌పోర్టు ఫారం నింపించుకుందామని ఖిల్లా ఘణపూర్ నుంచి సుల్తానాబీ, ఆమె భర్త యూనుస్ వచ్చారు. కంప్యూటరు ముందు సెంటరు నడిపే సౌందర్య.

“చాచీ, ఈ కాగితం మొత్తం ఉర్దూల ఉన్నది. నాకు చదువ రాదు. జర నువ్వే చెప్పు.”

“షాబాన్ పది, పదమూడు వందల అరవై ఆరు. నేను పుట్టిన్నాడు మా నాయిన రాసిపెట్టిండు, సౌందర్యా. మొన్న తిమ్మాజిపేటల మా తమ్ముని ఇంట్ల పాత పెట్టెల దొరికింది.”

“పదమూడు వందలా? అంటే నీకు ఆరు వందల ఏండ్లు దాటినయి, చాచీ.”

“నవ్వకు బిడ్డా. అది హిజ్రీ లెక్క. ఫారంల ఇంగ్లీషు తారీఖు రాయాలెనట. నలుగుర్ని అడిగితె నాలుగు తీర్లు చెప్పిరి. నీ కంప్యూటరు సరిగ్గ చెప్తదట గద.”

“చెప్తది. దీంట్ల లెక్కలు చేసే సైటున్నది. నిన్న మాసయ్య వచ్చి గుంటకు ఎన్ని గజాలో చూపిచ్చుకపోయిండు. అంగుళాలు, సెంటీమీటర్లు, తారీఖులు, ఏదడిగినా...”

“గదంత ఎందుకు సౌందర్యా. రేషన్ కార్డుల ఉన్నదె ఎయ్యి. నాకు అరవై, మీ చాచీకి యాభై నాలుగు. అయిపాయె.”

“చాచా, కార్డుల వయసు ఒక్కటే ఉన్నది. నాకు తారీఖు కావాలె.”

“జనవరి ఒకటి రాయి.”

“ఈయన పొద్దుగాల్నుంచి గిట్లనె చేస్తుండు బిడ్డా. బస్సెక్కేటప్పుడు గూడ, ఆ కాగితం ఇంట్ల పెట్టిరారాదు అన్నడు. నువ్వు కొట్టు.”

“షాబాన్ అంటే ఎన్నో నెల?”

“ఎనిమిది.”

“ఆఁ, వచ్చింది. జూన్ ఇరవై తొమ్మిది, పంతొమ్మిది వందల నలభై ఏడు. ఆదివారం. నెలవంక కనపడినదాన్ని బట్టి ఒకరోజు అటు ఇటు కావచ్చని కింద రాసిండ్రు.”

“నలభై ఏడా? అంటే నాకు అరవై నిండినయా?”

“నిండినయి. గట్ల ఏం కనపడవు గాని. ఇగ చాచాది. టీసీ తెచ్చినవా, చాచా?”

“తెచ్చిన. యాడనో పెట్టిన.”

“అంగీ జేబుల ఉన్నది. ఇయ్యి. చెయ్యి అడ్డం పెడ్తవేంది?”

“మే ఇరవై ఐదు, నలభై... చాచా, ఇది నలభై తొమ్మిది గద.”

“బడిల సారు అందాజగ రాసిండు.”

“అందాజగ రాసే సారు జూలై ఒకటి రాస్తడు. ఇరవై ఐదు రాయడు.”

“బిడ్డా, ఇద్దరి తారీఖులు ఇస్తె తేడా చెప్తదా అది?”

“చెప్తది చాచీ. ఇగో. ఒక ఏడాది, పది నెలలు, ఇరవై ఆరు రోజులు. నువ్వే పెద్ద.”

“ఇన్నవా? నలభై ఏండ్ల సంది ‘పెద్దోన్ని చెప్తున్న, ఇను’ అనుకుంట నా చెవులు తిన్నవు. ‘నలభై తొమ్మిదిల సరళాసాగర్ డ్యాము కట్టకు మట్టి మోసిన, అప్పటికి నువ్వు పుట్టనే లేదు’ అంటివి.”

“మోసినోళ్లను చూసిన అని అన్న.”

“ఊయలల పండుకొని చూసినవా, చాచా?”

“నువ్వు గూడ మొదలుపెట్టినవా, సౌందర్యా?”

“చూడు, మొకం ఎట్ల పెట్టిండో. పోనీలె. పాపం, నీకు గూడ ఇయ్యాలనె తెలిసె.”

“ఇయ్యాల కాదు.”

“మరెప్పుడు?”

“సౌందర్యా, ఫారం నింపు. బస్సు పోతది.”

“బస్సులు మస్తున్నయి. ఎప్పుడు తెలిసింది నీకు?”

“నిఖాకు ముందుగాల. మీ నాయిన ఈ కాగితం నాకు చూపిచ్చిండు.”

“మా నాయినా? నీకెందుకు చూపిచ్చె?”

“పిల్లనియ్యమని అడగవోతె.”

“అడిగింది మీ అమ్మ గద. మా ఇంటికొచ్చి, చాయ తాగి, ఖాయం చేసిపాయె.”

“ఆమె తర్వాత వచ్చింది. ముందు నేనే పోయిన, ఒక్కన్నే. చిన్నోనివి, పో అన్నడు. వారం ఆగి మల్ల పోయిన. గప్పుడు ఈ కాగితం తీసిండు. పిల్ల నీకన్న పెద్దది, దీనికే రెండు సంబంధాలు తప్పిపోయినయి, మీ అమ్మ అసలే ఒప్పుకోదు అన్నడు.”

“నాకు ఒక్కనాడన్న చెప్పకపోతివి.”

“నీకు తెలిస్తె నువ్వే వద్దంటవని.”

“చాచీ, నీళ్లు తాగుతవా?”

“ఆగు బిడ్డా. మా నాయిన గట్ల అంటె నువ్వేమన్నవ్?”

“ఆ కాగితం పెట్టెల పెట్టి తాళమెయ్యి మామా, ఇయ్యాల్టి సంది మీ సుల్తానాకన్న నేనే పెద్ద అన్న.”