జేబులుండకూడదట!

జేబులుండకూడదట అక్కా! విన్నావా ఈ వింత? ఈతబట్టకి లోపల జేబులు, స్పంజీలు, అతుకులు ఏవీ ఉండకూడదట. గేటు దగ్గరే నొక్కి చూసి మరీ లోపలికి పంపుతారట. నీళ్ళలోకి దిగేవాళ్ళు జేబులో ఏం పట్టుకెళ్తారనుకుంటున్నారు, చిల్లరా, తాళంచెవులా? ఛీ, ఛీ. చెప్పడానికి నోరు రావడం లేదు, చెప్పకుండా ఉండలేకపోతున్నా.

నువ్వు కుట్టుకో, కుట్టుకో. నోట్లో పిన్నులు తీయక్కర్లేదు. నువ్వు మాట్లాడకపోతేనే నాకు హాయిగా ఉంది. నిన్నట్నుంచీ అందరూ మాట్లాడేవాళ్ళే. ఇదిగో, ఈ గుడ్డముక్కలు ఇలా జరిపి స్టూలు మీద కూర్చుంటా. ఆ ఫ్యాను మాత్రం కాస్త ఇటు తిప్పు, ఒళ్ళంతా మండిపోతోంది.

ఇది ఎన్నోసారి ఈ బట్ట నీ దగ్గరికి రావడం? నాకే గుర్తు లేదు. ఇల్లు కట్టినవాళ్ళు కూడా మేస్త్రీ చుట్టూ ఇన్నిసార్లు తిరిగుండరు.

మొదట వదులుగా కుట్టావు చూడు, మోచేతులదాకా చేతులు, మోకాళ్ళదాకా కాళ్ళు. ఎంత మర్యాదగా ఉండేదని! అది వేసుకెళ్తే గేటు దగ్గర గిల్లుడమ్మ ఆపింది. గిల్లుడమ్మ అంటే తెలీదూ? మా కాలనీ ఈతకొలను గేటు దగ్గర కూర్చుంటుంది, ఆడవాళ్ళ బట్టలు పరీక్ష చేయడం ఆవిడ పని. తొడ దగ్గర గుడ్డ రెండు వేళ్ళతో పట్టుకుని, ఇంత లాగి వదుల్తుంది. ఠప్పుమని ఒంటికి కొట్టుకుందా, పాస్. సాగి వేలాడిందా, ఫెయిల్. పిల్లలు ఊరికే పెట్టలేదు ఆ పేరు.

నాది వేలాడింది. "వదులు బట్టలు నీళ్ళు పీల్చేస్తాయమ్మా, మురికి వదుల్తాయి, ఫిల్టర్ పాడైపోతుంది, రూలు" అంది. వెనక వరసలో నిలబడ్డవాళ్ళంతా నా తొడకేసి చూస్తున్నారు. ఈ వయసులో నా తొడ మీద నలుగురి తీర్పు వినాల్సొచ్చింది.

సరే అని నువ్వు బిగించావు. ఈసారి ఠప్పుమని కొట్టుకుంది, వాత పడేలాగ. అమ్మయ్య అనుకున్నా. రెండు రోజులు కాలేదు, కాలనీ కమిటీ సెక్రటరీ గారి దగ్గర్నుంచి కబురు. కుటుంబాలు తిరిగేచోట, పెద్దవయసు ఆడవాళ్ళు ఒంటికి అంతలా అంటుకుపోయే బట్ట వేసుకుంటే చూసేవాళ్ళకి ఇబ్బందిట. నడుం చుట్టూ ఓ ఫ్రిల్లు వేయించుకోమన్నాడు. వేశావు. ఆ ఫ్రిల్లు చూసి ఈత మాస్టారు ఈల ఊదాడు! నీళ్ళు లాగే జాలీలో ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పట, బయటికి రమ్మన్నాడు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మరి ఈ మధ్యలో నేనెవర్ని? నాకు కోపం రాకూడదా?

మగవాళ్ళకి ఉందా చెప్పు, ఈ గిల్లుడు? అసలా సెక్రటరీ వేసుకొచ్చే నిక్కరు చూశావంటే తిన్నది అరగదు. ఎలాస్టిక్ ఎప్పుడో చచ్చిపోయింది దానికి. మెట్లెక్కి పైకొచ్చేటప్పుడు అది ఆయనతో రానంటుంది, ఒక చేత్తో దాన్ని లాక్కుంటూ రెండో చేత్తో మనకి నమస్కారం పెడతాడు. నీళ్ళు నోట్లో పోసుకుని, పుక్కిలించి, మళ్ళీ అందులోకే ఊస్తాడు. నా కళ్ళతో చూశాను. థూ! ఆ నీళ్ళు శుభ్రంగా ఉండాలని నా ఫ్రిల్లు తీయించారు. గురివింద గింజకి తన కింద నలుపు తెలీదంటారే, ఈయనకి నలుపు మాట దేవుడెరుగు, నిక్కరు జారిందే తెలీదు.

ఎవరి కాలినుంచో ఊడిన బ్యాండేజీ ఆ మూల ఎన్నాళ్ళుగా తేలుతోందో. జల్లు స్నానం చేసేచోట కాలవ నిండా వెంట్రుకలు. వాటికి మాత్రం ఏ మీటింగూ పెట్టరు.

ఏంటలా చూస్తావ్ కళ్ళజోడు పైనుంచి? మానేయొచ్చుగా అనా? అందరూ అంటున్నారు, నువ్వొక్కదానివే తక్కువ. ఇటు చూడు. చూడు ఈ చెయ్యి.

రొమ్ము తీసేసినప్పట్నుంచీ ఇంతే కదా. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంది, పిండిముద్దలాగ. నా తల నేను దువ్వుకోలేను. పై అరలో డబ్బా కావాలంటే మా ఆయన ఫోను కిందపెట్టేదాకా ఆగాలి. ఫిజియో అమ్మాయి మొదటిరోజే చెప్పేసింది, రోజూ నీళ్ళలో ఆడిస్తే దారికొస్తుంది, ఆపేస్తే బిగుసుకుపోతుంది, తర్వాత ఎవరొచ్చినా ఏం చేయలేరు అని. దారికొచ్చింది కూడా! నువ్వే చూశావుగా, మొన్న నీ గోడమీది కత్తెర నేనే అందుకుని ఇచ్చాను.

ఏం చెప్పను అక్కా, నీళ్ళలోకి దిగితే చెయ్యి బరువే ఉండదు. ఎటు పంపితే అటు వెళ్తుంది. వెల్లకిలా పడుకుని రెండు చేతులూ బార్లా చాపుకుంటాను, చెవుల్లోకి నీళ్ళొచ్చి ఎవరి మాటా వినపడదు. ఆ కాసేపూ నాకు జబ్బు వచ్చిందనే గుర్తుండదు. సంతోషంగా ఉంటాను. అంతే, దాన్ని ఇంకోలా చెప్పడం నాకు రాదు.

దానికోసమే కదా నీ గుమ్మం ఎక్కింది. కొట్లో కొన్నది వేసుకుంటే ఒకపక్క సొట్టపోయిన గిన్నెలా ఉండేది. ఉపాయం నువ్వే చెప్పావు. లోపల జేబు కుట్టి, అందులో స్పంజి. ఎక్కడిదా స్పంజి? నీ కుర్చీలో మెత్త చింపి, గుండ్రంగా కత్తిరించి, ఒంటిరంగు గుడ్డ తొడిగావు. ఇప్పటికీ చెక్కమీదే కూర్చుంటున్నావు, నాకు కనపడదనుకోకు. ఆవేళ అద్దంలో చూసుకుని నేను ఏడిస్తే, దారపుండ కొనాలని వంక పెట్టి వీధిలోకి వెళ్ళావు. డబ్బా నిండా దారాలే నీకు.

ఆ స్పంజి పోయింది అక్కా.

అయ్యో, ఆపకు మిషన్. ఆ చప్పుడు ఉంటేనే చెప్పగలను.

ఫ్రిల్లు విప్పేటప్పుడు జేబు మూతి కుట్టు కూడా వదిలిపోయిందా, దానికి అప్పటికి కచ్చా కుట్టు వేసి, సాయంత్రం రా, మిషన్ మీద గట్టిగా వేసిస్తా అన్నావా. ఆగానా? ఆగలేదు. నీళ్ళకి వెళ్ళక చెయ్యి సీసంలా ఉంది, ఒక్కపూటకి ఏం కాదులే అని లాక్కుపోయాను. నీ తప్పేం లేదు, తల అలా ఊపకు. నా తొందరే.

వెల్లకిలా తేలుతున్నానా, ఎవరో పిల్లలు "అదేంటి, అదేంటి" అని అరుస్తున్నారు. నేనూ తలెత్తి చూశాను, అందరితోపాటు, ఏమిటా అని. నా ముందునుంచే పోతోంది అది. చిన్న పడవలాగ, తాపీగా, నీళ్ళమీద.

మాస్టారు ఈల. అందరూ పక్కకి. ఆకులు తీసే జాలీకర్రతో దాన్ని పైకి తీశాడు. నీళ్ళు కారుతున్నాయి. నేను మెడదాకా మునిగి, గుండెకి చేతులు అడ్డం పెట్టుకుని, గోడకి ఆనుకుని ఉండిపోయాను. అందరూ వెళ్ళేదాకా రాలేదు పైకి. వేళ్ళు ముడతలు పడిపోయాయి. తువ్వాలు చుట్టుకుని, చెప్పులు కూడా మర్చిపోయి ఇంటికొచ్చాను.

అక్కడితో అయిపోయిందనుకున్నా. ఎక్కడ! దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి గేటు పక్కన మేకుకి తగిలించారు. పోయిన కళ్ళద్దాలు, టోపీలు తగిలిస్తారు చూడు, వాటి మధ్య. వచ్చేవాడూ పోయేవాడూ దాన్ని ఓ పోటు పొడిచి పోవడం. నా ఒంటిమీద ఉన్నది అక్కా అది! నీ చేత్తో కుట్టినది!

నిన్న సాయంత్రం దానికోసం మీటింగు. అవును, దానికోసమే. సెక్రటరీ ఆ సంచిని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని బల్లమీద పెట్టాడు. నిక్కరు పట్టుకోవడం రాదు గానీ దీన్ని ఎంత నాజూగ్గా పట్టుకున్నాడో! "ఇలాంటి అసహ్యకరమైన వస్తువు ఎవరిదో చెప్పాలి" అన్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతటదే గుండెమీదికి పోయింది. ఆ వాచిన చెయ్యే. అంత జోరుగా లేస్తుందని నాకు నిన్నే తెలిసింది.

ఎవరూ చూళ్ళేదు. అందరూ సంచినే చూస్తున్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఒకాయన అన్నాడు, "పాపం, ఎవరో సగం ఆడదై ఇంటికెళ్ళినట్టున్నారు" అని.

నవ్వులు. ఆ హాలంతా నవ్వులు. ఆడవాళ్ళు కూడా, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని. గిల్లుడమ్మ అయితే కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వుల్లోనే రూలు పాసైపోయింది, జేబులుండకూడదు, నొక్కి చూడాలి అని. ఇక ఆవిడ పేరు నొక్కుడమ్మ అని మార్చుకోవాలి పిల్లలు.

మా ఆయనా? పక్కనే ఉన్నాడు. ఆయనకి తెలీదనుకుంటున్నావా? రోజూ మా బాత్రూములో ఆరేది కదా అది, తన తువ్వాలు పక్కనే. తన కాలి వేళ్ళకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. దారిలో అన్నాడు, "పోన్లే, నువ్వు బయటపడలేదు, అదే నయం" అని. నయమట! రాత్రి ఆయన పక్కన పడుకోబుద్ధి కాలేదు.

కాదులే. ఆయన్ని అని ఏం లాభం. ఆయన నోరు మూసుకున్నాడు, అంతే కదా. నేను అదైనా చేశానా?

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని ఏడ్చిందట ఒకావిడ. ఆవిడ అదృష్టవంతురాలు. నవ్వింది వేరే మనిషి.

నేను నవ్వాను అక్కా. నిన్న ఆ హాల్లో. "సగం ఆడది" అన్నాడు చూడు, దానికి. అందరికంటే నేను ముందు నవ్వానేమో కూడా. నవ్వకపోతే ఎక్కడ నావైపు తిరుగుతారోనని నవ్వడం మొదలెట్టాను, ఆపడం తెలీలేదు. నా పక్కావిడ నా భుజం తట్టింది, ఇంక ఆపండి అని. ఆ సంచి అక్కడ బల్లమీద ఉంది, దానికేసి చూస్తూ నవ్వాను.

సెక్రటరీ ఊసిన నీళ్ళు నోట్లోకి పోయినా ఇంత రోత పుట్టలేదు నాకు. ఇంటికొచ్చి మూడుసార్లు పళ్ళు తోముకున్నాను.

సరే. ఇదిగో బట్ట. తీసుకో. జేబు విప్పేయ్.

మళ్ళీ కనపడకుండా ఇంకోచోట కుట్టమని అడుగుతాననుకున్నావు కదూ? నేనూ అదే అడుగుదామని బయల్దేరాను. మెట్లెక్కేదాకా అదే అనుకున్నాను. వద్దు. విప్పి, ఆ గుడ్డ చదునుగా పరిచి కుట్టేయ్. ఉన్నది ఉన్నట్టు. తీసేసిన పక్క ఎలా ఉందో అలాగే ఉండనీ.

వాళ్ళు చూస్తారు. చూడనీ. నాకేం ధైర్యం వచ్చిందనుకోకు. కానీ చెయ్యి బిగుసుకుపోతే కూర్చుని ఏడవాల్సింది నేనే కదా, కమిటీ వచ్చి నా తల దువ్వుతుందా? మీటింగవగానే మళ్ళీ ఆ మేకుకే తగిలించారు, దాన్ని మాత్రం అడగను. కుళ్ళిపోయేదాకా అక్కడే వేలాడనీ, వాళ్ళే చూసుకుంటూ కూర్చుంటారు.

రేపు పొద్దున్న గేటు దగ్గర నొక్కి చూస్తుందిగా. రూలు కదా, నొక్కాలి. నేను కదలను. ఈ పక్కనే నొక్కమంటాను. చేతికి ఏం తగులుతుంది? ఎముక తగులుతుంది. పాసో ఫెయిలో అప్పుడు చెప్పమంటాను.

ఏంటి, పిన్నులు తీస్తున్నావెందుకు? వద్దు, ఏమీ అనకు. అన్నావంటే మళ్ళీ ఏడుస్తాను, ఈసారి నీకు దారపుండ వంక కూడా లేదు. నోట్లోనే ఉంచుకో వాటిని.

ముందా జేబు విప్పు.