కామెర్లని చెప్పు

ధర్మవరంలో మగ్గాల వీధి, మిట్టమధ్యాహ్నం. ఆర్నెల్లుగా ఆగిపోయిన మగ్గం పక్కన పద్మ, ఆమె భర్త హరికృష్ణకు అన్న శంకరప్ప. కూర్చోమన్నా శంకరప్ప కూర్చోలేదు.

"కామెర్లని చెప్పుంటే నీ నోరు అరిగిపోతుండెనా?"

"కామెర్లు కాదు కదా బావా."

"కాదని నాకు తెలుసు, నీకు తెలుసు. వీధికి ఎందుకు తెలియల్ల?"

"రోంత కూర్చో. నీళ్లు తెస్తా."

"నీళ్లొద్దు. పొదుపు సంఘం మీటింగులో లేచి నిలబడి చెప్పినావంట."

"నిలబడలేదు. అంగన్వాడీలో పదహైదు మంది ఆడోళ్లం కూర్చొని ఉంటిమి. లక్ష్మీనరసమ్మక్క అడిగె, మీ ఆయన బయట కనబడక ఎన్నాళ్లాయె, ఏమైందని. మనసు బాగలేదు, హిందూపురంలో డాక్టరుకు చూపిస్తాండా, మాత్రలు మింగుతాండాడు అని చెప్పినా."

"అంతేనా చెప్పింది?"

"చచ్చిపోవాలనిపిస్తాండాదని నాతో అన్న మాట కూడా చెప్పినా. ఆయన్ని అడిగే చెప్పినా."

"వాన్ని అడిగినావా? బుర్ర చెడినోన్ని అడిగి వీధిలో చెప్పుకుంటివి. శానా తెలివి."

"బుర్ర చెడలేదు బావా."

"గమ్మునుండు. ఈపొద్దు మనకు నేసేకి పట్టిచ్చే షావుకారు నన్ను వాకిట్లోనే నిలబెట్టినాడు. లోపలికి కూడా పిలవలే. 'ఏమప్పా, మీ తమ్మునికి పిచ్చంట కదా, పట్టు ఎట్ల ఇచ్చేది? కత్తిరించి పారేస్తే ఎవరు దిక్కు?' అన్నాడు. పని చేసే పిల్లోళ్లు నవ్వుతాండారు. ముప్పై ఏండ్లు నేసినా ఆ అంగడికి."

"నీకూ పట్టు ఆపినాడా?"

"ఇంగా ఆపలే. ఆలోచిస్తానన్నాడు. రేపు పొద్దున నువ్వొచ్చి ఆయన ముందర చెప్పల్ల. తప్పు చెప్పినా, కామెర్లే అని."

"చెప్పను."

"పద్మా."

"చెప్పను బావా. నాలుగు నెల్లు నీ మాటే విన్నా. ఈడ చూపిస్తే తెలుస్తాదంటే హిందూపురం తీసకపోయినా. పెనుకొండ దాటేదాకా రైల్లో టవలు మొహానికి కప్పుకొని కూర్చుంటాండె, ఎవరన్నా చూస్తారని. దొంగ మాదిరి. నేనూ పక్కన దొంగ మాదిరే."

"ఇప్పుడు దొరవైతివా? ఊరంతా తెలిసె, శాంతమేనా?"

"శాంతమే. పక్కింటి తిమ్మరాజు దినామూ సాయంత్రం వచ్చి ఆయన్ని టీ అంగడి దాకా పిల్చకపోతాండాడు. మంజులత వాళ్లాయన కూడా ఏడాది మాత్రలు మింగినాడంట, ఆ డాక్టరు దగ్గరే. మూడిండ్లవతల ఉండే మనిషి. ఎవరికన్నా తెలుసునా?"

"తమాషా చూసేకి వస్తాండారు వాళ్లు."

"తమాషాకు వచ్చినోళ్లూ ఉండారు. మొన్న ఒకామె కిటికీలో నుంచి తొంగి చూసి పోయె. కానీ లక్ష్మీనరసమ్మక్క నిన్న మీ షావుకారు కాడికి పోయి, హరికృష్ణకు ఇయ్యకపోతే నా మగ్గానికీ నీ పట్టు వద్దని చెప్పి వచ్చింది."

"ముసిలామె మాట వింటాడా ఆయన? నవ్వుకొనుంటాడు."

"నవ్వుకోనీ. ఆమె పోయింది. నువ్వు పోతివా?"

"నేనెందుకు పోవల్ల?"

"తమ్మునికోసరం. ఆర్నెల్లలో ఆ రూములోకి ఒక్కసారన్నా పోతివా? వాకిలి కాడికి వస్తావు, ఎట్లుండాడని నన్నడుగుతావు, పోతావు. ఇప్పుడూ ఈ గోడ అవతలే పండుకోనుండాడు."

"నాకు పనులుంటాయి."

"భయమా బావా నీకు?"

"నోరు మూయి. మా ఇంట్లో ఎవరికీ ఇట్లాంటి రోగం లేదు. నువ్వొచ్చినాకనే వచ్చింది."

"నావల్ల వచ్చిందా?"

"నీవల్లే."

"మామ ఎట్ల పోయినాడు మల్ల?"

"నాయన మాట ఎందుకిప్పుడు? గుండెపోటు. ఊరందరికీ తెలుసు."

"ఎవరు చూసినారు?"

"నేనే చూసినా."

"ఆస్పత్రికి తీసకపోలేదా?"

"తీసకపోయేకి ఏముండె ఆడ? కిందికి దించేతలికే అంతా..."

"దించేతలికే?"

"ఏం లేదు. నేను పోతాండా."

"బావా, ఏం దించితివి?"

"విడువు చెయ్యి."

"విడవను."

"నాయన్ను. నాయన్ను దించినా. చాల్నా? నాకు పదహారేండ్లు అప్పుడు. అమ్మ చిలమత్తూరులో పుట్టింటికి పోయుండె, వీడు బడిలో ఉండె. నేనొక్కన్నే. దించి, మంచం మీద పండబెట్టి, మొహం తుడిచి, అప్పుడు అరిచినా. నిద్రలోనే గుండె ఆగిందని చెప్పినా. అమ్మకు కూడా అదే చెప్పినా. అదే నమ్మి కన్ను మూసింది."

"ఇన్నేండ్లు నీలోనే పెట్టుకొనుంటివా?"

"ఎవరికి చెప్పల్ల? నాయన అంతకుముందు ఆర్నెల్లు మగ్గం ఎక్కలే. గోడ పక్కకు తిరిగి పండుకుంటాండె. ఇప్పుడు వీడూ అట్లే. ఆ రూములోకి తొంగి చూస్తే నాకు కనబడేది వీడు కాదు."

"కూర్చో బావా."

"షావుకారు మాట వదిలెయ్యి. కామెర్లూ వద్దు, ఏమీ వద్దు. ఎవరికేం చెప్పుకుంటావో చెప్పుకో. ఇది మాత్రం వానికి తెలియకూడదు. తెలిస్తే వాడూ ఆ దావే పోతాడని ముప్పై ఏండ్లు నోరు కుట్టుకొనుండా. నీ కాళ్లు పట్టుకుంటా పద్మా, వానికి మాత్రం చెప్పొద్దు."

"ఆపొద్దు ఆయన బడికి పోలేదు బావా. అటక మీద దాక్కోనుండె. నువ్వు మామను దించేది, మొహం తుడిచేది అంతా చూసినాడు. చెబితే అన్నను పోలీసులు పట్టుకపోతారని తొమ్మిదేండ్ల పిల్లోడు నోరు మూసుకున్నాడు, పోయిన నెల డాక్టరు ముందర తెరిచినాడు. నిన్ను ఒక్కసారి పిలవమని అప్పట్నుంచి అడుగుతానే ఉండాడు. నిద్రపోలేదు, అంతా వింటానే ఉంటాడు. లోపలికి పో."