కండ్లు తెరిచిన పటం

ఓదెలని ఉండె ఒకాయన. పటం కథ చెప్పేటాయన. ఏ సుగుణా, బీడీలు చుట్టుకుంటనే ఇను, చుట్టేది చేతులతోని గని చెవులతోని గాదు గదా! మన సాలోళ్లకు కులం కథ చెప్పేది ఆ ఇంటోళ్లే. తాత చెప్పిండంట, తండ్రి చెప్పిండంట, అటెన్క ఓదెలు చెప్పవట్టె. పటమంటే గోడ మొలకు తగిలిచ్చే చిన్న పటం గాదు. పొడుగు బట్ట మీద బొమ్మలు, ఒకదాని కింద ఒకటి, గడులు గడులు. మొత్తం ఇప్పితే ఈ వాడకట్టు ఆ మూల దాక వస్తదనుకో. దాన్ని కట్టెకు చుట్టి భుజాన ఏసుకొని వచ్చేటోడు. గుంజలు నాటి, పటం ఏలాడదీసి, దీపం ముట్టిచ్చి, చేతుల పుల్ల వట్టుకొని, "ఇగో, గిది మన మూలపురుషుడు పుట్టుడు. ఇగో, గిది తామరతూడుకెల్లి నూలు దీసుడు" అని ఒక్కొక్క గడి చూపెట్టుకుంట చెప్పేటోడు. పుల్ల ఏడికి పోతే నోరు ఆడికి పోయేది. పుల్ల ఆగితే నోరు ఆగేది.

ఇగ ఏమైందంటే, ఆ పటం ముసల్దైపోయింది. రంగు పెళ్లలు పెళ్లలు రాలుతుంటే ఆయన పెండ్లాం కొంరమ్మ కూసొని సూది దారంతోని అంచులు కుట్టేదంట. అంచులు కుడుతది గని, రంగులు కుడుతదా? ఆఖరుకు మూలపురుషుని కండ్లు రాలిపోయినయంట. మనోళ్లు, కులపెద్దలు, వాళ్ల నోట్ల మన్ను వడ, ఒక్క మాట ఆలోచించకుంట ఏమన్నరంటే, "ఓదెలూ, గుడ్డి పటం ముంగట మేం కొబ్బరికాయ కొట్టం. వచ్చే ఏడు కండ్లున్న పటం తెస్తే రా, లేకుంటే రానే రాకు" అన్నరంట. పటం లేకుంటే కథ లేదు, కథ లేకుంటే ఆయన ఎవలు? ఉరికిండు పట్నంల నకాషి రాజేశం దగ్గరికి. పటాలు రాసేటాయన రాజేశమే. ఆయన చూసిండు, తల ఊపిండు. "రాస్త బావా. పాతది ముంగట పెట్టుకొని, గడి గడి చూసి రాస్త. గని నా చేతుల పనున్నది, దసరా ఎల్లినంక తీస్కరా. అందాక పైలంగ దాసిపెట్టు" అన్నడంట.

పైలంగ దాసిపెట్టమంటే ఏడ దాస్తరు? కొంరమ్మనే ఉపాయం చెప్పింది. "అద్దం ఏపిద్దాం, రాలేది రాలకుంట ఆగుతది" అన్నది. మంచి ఉపాయమే. ఆమెను అనేందుకు లేదు. గట్ల పోయిండు సదానందం ఫ్రేముల దుకాణానికి.

సదానందం గప్పుడే కొత్తగ కంప్యూటరు తెచ్చిండు. అదేం చేస్తదంటే, బొమ్మను బల్ల మీద పరిస్తే పైన ఏలాడే కెమెరా దాన్ని గుంజుకొని టీవీ అసొంటి అద్దంల పెడతది. ఇగ ఆ బొమ్మ సుట్టు ఫ్రేములు మార్చుకుంట పోవుడే. బంగారు రంగుది, నల్లది, టేకుది. కట్టె కొయ్యకముందే ఏది నప్పుతదో గిరాకోళ్లు చూసుకుంటరన్నట్టు. ఓదెలు పటం ఇప్పంగనే సదానందం నవ్విండు. "ఓదెలన్నా, ఇంత పొడుగు పటానికి అద్దం నేను ఏడికెల్లి తేవాలె? సరే, వచ్చినవు గదా, ఒక్క గడి పెట్టు, ఎట్లుంటదో చూద్దాం" అన్నడు. మూలపురుషుని గడి పెట్టిన్రు. కెమెరా గుంజుకున్నది. సదానందం నాలుగు మూలలు పట్టి, వంకర సాపు జేసి, ఎలుగు పెంచిండు. బట్ట మీద ఆ కండ్ల జాడ సన్నగ, మసి లెక్క మిగిలి ఉన్నదేమో, ఎలుగు పెంచంగనే అద్దంల నల్లగ తేలినయ్. ఎర్రది ఎర్రగ అయింది, పచ్చది పచ్చగ అయింది.

ఓదెలు ఒక్కటే కేక! "సదానందం! తెరిచిండు! మా అయ్య నాటి కండ్లు తెరిచిండు!" అని ఆడనే సాగిలపడి మొక్కిండంట. దుకాణంల ఉన్నోళ్లు నవ్విన్రు. నువ్వు గూడ నవ్వుతున్నవా సుగుణా? నవ్వు, నవ్వు. అటెన్క నవ్వేందుకు ఏం లేదు, ఇప్పుడే నవ్వుకో.

ఇగ ఆయన ఆగుతడా? పటం కెమెరా కింద జరుపుకుంట, ఒక్కొక్క గడి పెట్టుకుంట, ఆడనే కథ అందుకున్నడు. సదానందం సుత ఉషారైండు, మీట ఒత్తుకుంట పోయిండు. రోడ్డు మీద పోయేటోళ్లు ఆగి ఇన్నరంట. ఆఖరు గడి వచ్చింది. ఆ గడిల ఏముంటదంటే, కథ చెప్పేటోడే ఉంటడు. ఓదెలు తాత, పుల్ల ఎత్తి, ముంగట ఏలాడే పటాన్ని చూపెడుతుంటడు. సదానందం అన్నడు, "అన్నా, మనిషి నడిమిట్లకు రావాలె, పక్కపొంటి ఈ బట్ట అడ్డమొస్తుంది, తీసేస్త" అని ఆ పటం ఉన్న పక్క అద్దంలనే కోసిండు. బంగారు ఫ్రేము తగిలిచ్చిండు. ముసలాయన రాజు లెక్క ఉన్నడు. "ఇది మంచిగొచ్చింది, గిరాకోళ్లకు చూపెడత, ఉంచుకుంట" అన్నడు. ఓదెలు కండ్లు తుడుసుకొని అడిగిండు, "అన్ని దీంట్ల వడ్డయా తమ్మీ?" "పడ్డయే." "ఏం పోవు గదా?" "ఎటు పోతయే అన్నా! ఇగ నడువు, గిరాకోళ్లు నిలవడ్డరు." గింతే అన్నడు. నోటికొచ్చిన మాట.

మీకు ఎరుక లేదు గని, ఆళ్లల్ల ఒక ఆచారం ఉన్నది. కొత్త పటానికి అన్ని రాసినంక ఆఖరుకు కండ్లు పెడతరు. కొత్తది కండ్లు తెరిచిన పొద్దే పాతదాన్ని సాగనంపాలె. ఇంట్ల ముసలోళ్లు పోతే ఎట్ల జేస్తరో గట్లనే బొట్టు పెట్టి, బువ్వ పెట్టి, డప్పులతోని తీస్కపోయి గంగల కలపాలె. ఒక్క కథకు రెండు పటాలు పెట్టుకొని పొద్దు గూకొద్దు. గూకితే ఆ ఇంట్ల ఎవలో ఒకలు పోతరంట. ఓదెలు తండ్రి గట్లనే చేసిండు, తాత గట్లనే చేసిండు. ఓదెలు దుకాణంల కండ్లు తెరిచింది చూసె. ఇగ ఆయన లెక్కల కొత్త పటం పుట్టినట్టే.

ఇంటికొచ్చి డప్పుల లింగన్నను పిలువమన్నడు. కొంరమ్మ తలుపుకు అడ్డం నిలవడ్డదంట. "నీకేమన్న మతి పోయిందా? అది మిషినిల ఉంటే మనకున్నట్టా? రాజేశం బట్ట మీదికి ఎక్కిచ్చిందాక ఆగు" అన్నది. "ఓసి ఎడ్డిదానా, తెరిచింది నా కండ్లతోని జూసిన. పొద్దు గూకితే పోయేది నువ్వో నేనో! రాజేశం ఆ అద్దంల చూసుకుంటనే రాస్తడు, ఇంతకన్న మంచిగ కనవడుతున్నయ్" అన్నడు. ఆమె తలుపు ఇడిసి పక్కకు జరిగింది. మనిషి పానం మాట వస్తే ఎవలు అడ్డం నిలుస్తరు? పటానికి ఆమెనే బొట్టు పెట్టింది. ఆమెనే అన్నం ముద్ద పెట్టింది. కుట్లేసిన అంచులు చేతులతోని నిమిరి నిమిరి ఇచ్చింది. గంగల ఇడిస్తే కొద్దిసేపు తేలిందంట, అటెన్క నాని మునిగిందంట. ఇద్దరు తానం జేసి, తడి బట్టలతోని ఎనుకకు చూడకుంట వచ్చిన్రు.

దసరా ఎల్లింది. రాజేశం కొత్త బట్టకు గంజి పట్టిచ్చి ఎండబెట్టి, "పటం ఏది బావా?" అన్నడు. "పటం దుకాణంలున్నది, నడువు" అన్నడు ఓదెలు. రాజేశం కుంచెల సంచి పట్టుకొనే పోయిండు. కంప్యూటరుల చూస్తే ఎవలదో పెండ్లి ఫొటో, పిల్ల పిలగాడు నవ్వుతున్నరు. "జరుపు తమ్మీ, మా పటం దియ్యి" అన్నడు ఓదెలు. సదానందం, "ఏ పటం?" అన్నడు. "ఏ పటమేంది, నువ్వు గుంజినవు గదా!" సదానందం మొఖం తెల్లవడ్డది. ఆ మిషిని చూసుకునేటందుకే గని దాసుకునేటందుకు గాదంట. కొత్త బొమ్మ ఎక్కితే పాతది దిగిపోతది, బస్సుల సీటు లెక్క. దాసుకోవాలంటే ఏరే మీట ఒత్తాలె. ఫ్రేము కట్టని బొమ్మను ఎవలన్న దాస్తరా? అయినా ఎతికిండు పాపం, చెమటలు పట్టంగ ఎతికిండు. "పోతే పోయినయ్ అన్నా, పటం తెచ్చుకో, మల్ల గుంజుదాం. దినమంతా కూసొని గుంజుత" అన్నడు. రాజేశమే అడిగిండు, "బావా, పటం ఏం చేసినవు?" "సాగనంపిన." రాజేశం సంచి ఇడిసిపెట్టి ఆడనే నేల మీద కూలవడ్డడు. "నన్ను ఒక్క మాట అడుగకపోతివి బావా! కండ్లు పెట్టేది నేను గదా! నేను పెట్టకుంట ఎట్ల తెరుస్తడే?" అని ఏడ్చిండంట. ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె.

ఒక్కటే మిగిలింది. గిరాకోళ్లకు చూపెడుతా అని ఉంచుకున్నడు చూడు, ఆఖరు గడి. గదొక్కటి. సదానందం దాన్నే కాయితం మీదికి దీసి, బంగారు ఫ్రేము కట్టి, ఓదెలు కాళ్లు మొక్కి చేతుల పెట్టిండు.

ఆ ఏడు మన వాడకట్టుకు వచ్చిండు ఓదెలు. రాకుంటే ఎట్లని వచ్చిండు. గుంజలు నాటిండు, ఆ ఫ్రేమును తగిలిచ్చిండు, దీపం ముట్టిచ్చిండు. పుల్ల ఎత్తి, "ఇగో, గిది..." అన్నడు. పుల్ల ఆనేటందుకు జాగ లేదు. "నోటికి రాదా ఓదెలూ, చెప్పు" అన్నరు మనోళ్లు, మెల్లగనే అన్నరు. తామరతూడు దాక చెప్పిండు. అటెన్క, "ఇగో, గిది... ఇగో, గిది..." అనుకుంట ఉత్త గాలిల పుల్ల తిప్పవట్టె. పిల్లలు సుత నవ్వలే. కొంరమ్మ లేసొచ్చి చేతుల పుల్ల గుంజుకున్నది, దీపం ఆర్పింది, చెయ్యి వట్టి తోల్కపోయింది. మల్ల రాలే. ఆ చలికాలం ఎల్లకముందే పోయిండు. రెండు పటాలు పెట్టుకుంటే ఎవలో ఒకలు పోతరన్నరు, ఒక్కటి సుత లేకుంటే ఎవలు పోతరో ఆళ్ల తాతలు చెప్పలే.

గందుకే, మన కులం ఎట్ల పుట్టిందంటే తామరతూడు దాక అందరికి వస్తది. అటెన్క ఏమైందో అడుగుండ్రి, ఒక్కలకు రాదు. ఆ ఫ్రేము ఇప్పటికీ కొంరమ్మ ఇంట్లనే ఉన్నది, నేను జూసిన. మంచి కట్టె, అబద్ధం ఎందుకాడాలె, చెద సుత వట్టలే. ముసలాయన కండ్లు తెరిచే ఉన్నయ్, పుల్ల ఎత్తి చూపెడుతనే ఉన్నడు. పుల్ల ముంగట బంగారు రంగు కట్టెనే ఉన్నది. ఏం సుగుణా, నవ్వుతలేవేంది? బీడీలు కట్టలు కట్టుండ్రి ఇగ, కార్ఖానకు పోయే యాళ్లయింది.