గుండిగలో పెళ్ళిపాట

స్వీడన్‌లో ఒక బస్సు ఆఖరి స్టాపు. డ్రైవరు సీట్లో లాల్‌బక్ష్, పాటల పుణ్యమా అని ఊరొదిలి పన్నెండేళ్ళయిన బలోచ్ గాయకుడు. ఫోన్లో సొంతూరు తుర్బత్ నుంచి మేనమామ మీరల్.

“...లేదు మామా, బస్సు ఆగే ఉంది. తొమ్మిది నిమిషాలు టైముంది. ఫోను మహ్‌గంజ్ దగ్గరికి తీసుకెళ్ళు.”

“తీసుకెళ్తా. ముందు హాల్ చెప్పు.”

“హాల్ తరవాత చెప్తా మామా...”

“తరవాతేంట్రా? బలోచ్ బిడ్డవై ఉండి క్షేమ సమాచారం చెప్పకుండా పాటెత్తుకుంటావా? మొదట్నించీ చెప్పు. పొద్దున ఎక్కడ బయల్దేరావు? దారిలో ఎవరు కలిశారు?”

“డిపోలో బయల్దేరా. దారిలో నూట నలభై మంది కలిశారు. ఒక్కళ్ళూ మాట్లాడలేదు.”

“అయ్యో! ఏం జబ్బు?”

“జబ్బు కాదు, స్వీడన్ వాళ్ళు మామా!”

“సరే, సరే. ఇప్పుడు నా హాల్ విను. మన నల్లమేక లేదూ...”

“మామా! ఎనిమిది నిమిషాలు!”

“అన్నా, నేనే. ఫోను లాక్కున్నా.”

“మహ్‌గంజ్! పెళ్ళికూతురివే నువ్వు. సిగ్గుపడుతూ కూర్చోవాలి.”

“నువ్వు పాడాక పడతాలే. అన్న పాడందే గోరింటకి చెయ్యి చాపనని చెప్పేశా. గోరింట ఎండిపోతోంది, అత్తలు తిట్టిపోస్తున్నారు.”

“మైకు పెట్టారా?”

“పిచ్చా నీకు? మైకులో నీ గొంతు వినపడితే వాకిట్లో సైన్యం జీపులు దిగుతాయి. ఖాళీ గుండిగలో పెడతాం ఫోను. నిన్న మామని అరిపించి చూశాం, బ్రహ్మాండంగా మోగింది.”

“గుండిగలోనా! స్టాక్‌హోంలో పదిహేను వందల మంది లేచి నిలబడ్డారే నాకు!”

“ఇక్కడ నలభై మంది ఆడాళ్ళున్నారు. పెళ్ళిపాటకి ‘హాలో’ అని వంత పాడతారు, అంతే. ఎవరూ లేవరు. కానియ్యి.”

“...అమ్మ ఉందా?”

“ఉంది. అన్నా, గోరింట...”

“ఎక్కడుంది?”

“నీ పాట అనగానే మేకల దొడ్లోకి వెళ్ళిపోయింది. తెలుసుగా, ఒట్టు పెట్టుకుంది. ఆ పాటలే నా కొడుకుని ఊరు దాటించాయి, చచ్చినా చెవిన పడనివ్వనంటుంది.”

“రోజూ ఫోన్లో తిన్నావా, చలేస్తోందా అంటుంది. ఏం పాడావురా అని ఒక్కసారీ అడగలేదే! ఒక్క పాట వింటే చాలు నాకు. మహ్‌గంజ్, గుండిగ పడుకోబెట్టి మూతి దొడ్డివైపు తిప్పు.”

“తిప్పాం. మేకలు చూస్తున్నాయి.”

“అమ్మో, ఒకావిడ బస్సెక్కింది. కుక్కతో.”

“ఎక్కనీ! పాడు అన్నా!”

“గోరింట పండనీ చెల్లీ, హాలో హాలో! నీ వాకిట ఖర్జూరం కాయనీ, హాలో హాలో!”

“అన్నా! అత్తలు లేచారు! ఆడుతున్నారు! మామ కూడా!”

“ఇక్కడ ఈవిడ చప్పట్లు కొడుతోందే! కుక్క శ్రుతి కలుపుతోంది!”

“మా మేకలూనూ!”

“చెయ్యి చాపావా?”

“రెండూ చాపా! ఆపకు, ఆపకు... అన్నా, దొడ్డి తలుపు తెరుచుకుంది.”

“ఎవరు? అమ్మా?”

“నేరుగా గుండిగ దగ్గరికే వస్తోంది. తప్పుకోండి, తప్పుకోండి...”

“అమ్మా?”

“ఒరే లాలూ. ఏం తిన్నావు?”

“రొట్టె తిన్నానమ్మా. అమ్మా, నువ్వు...”

“హాలో అనేచోట అంత తొందరేంట్రా? ఆడాళ్ళు అందుకోవద్దూ? పన్నెండేళ్ళనించీ వింటున్నా, ఒక్క పాటలోనైనా నిదానించావా?”