చందా ఇచ్చినవాళ్లనే అడుగుదామన్న మనిషి

కాకతో జీవితమంతా కలిసి నడిచిన శకుంతల చిన్నమ్మా, కాజీపేటలో దుకాణాలు మూసి వచ్చిన అన్నలారా, అక్కలారా! దవాఖాన నుంచి తొందరగా వచ్చేస్తానన్న వెంకట్రాజం కాక ఇక రారు. ఆ సంగతి తెలిసి కూడా, ఈ హాల్లోకి రాగానే నా కళ్లు ఆయన కోసమే వెతికాయి. మీకూ అంతే కదా?

ఆయనది బట్టల దుకాణం. నేను కూలి చేసుకునే ఇంటి బిడ్డను. వాన నీళ్లు పోయే నాలాను పూడ్చి ప్లాట్లు చేస్తున్నారని, నేను కార్పొరేటర్‌గా పోటీకి నిలబడ్డాను. మీరంతా చందాలు వేసి ఆ డబ్బు కాక చేతిలో పెట్టారు.

ప్రచారం మొదలైన వారానికే మా ఆటో మీద రాళ్లు పడ్డాయి. నా తల పగిలింది. కుట్లతో ఇంటికి వస్తే నా బిడ్డ పూజ గుమ్మంలోనే నన్ను పట్టుకుని, మళ్లీ వెళ్లొద్దని ఏడ్చింది. పోలీసులు వీధిలో గస్తీ పెట్టారు గానీ, ఇల్లిల్లూ తిరిగే నా వెంట ఎవరుంటారు? పోటీ మానుకుంటానన్నాను.

కాక ఒక్కటే మాట అన్నారు. “జెండాలు తక్కువైతే ఏమైతది బిడ్డా? నువ్వు తక్కువైతే ఎట్ల?”

చందాల డబ్బుతోనే నాకు కాపలా పెడదామన్నారు. కొందరు ఒప్పుకోలేదు. “మేమిచ్చింది ప్రచారానికి. ఆమె సొంత కాపలాకు గాదు” అన్నారు. న్యాయమైన మాటే! కాక కోపగించుకోలేదు. “ఇచ్చినోళ్లనే అడుగుదాం” అని ఇదే హాల్లో అందరినీ కూర్చోబెట్టారు. వద్దన్నవాళ్లకు వాపసు ఇస్తానన్నారు. అప్పుడు కూరగాయలమ్మే మొగిలమ్మ లేచి ఏమందో గుర్తుందా? “గా పిల్ల మాట్లాడుతదనే పైసలిచ్చిన. పానముంటెనే గద మాట్లాడేది!”

ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. ఇద్దరు మాత్రం వాపసు తీసుకున్నారు. కాక వాళ్లకు చాయ్ తాగించి మరీ పంపారు. ఖర్చును దాచకుండా ఎన్నికల లెక్కల్లో చూపించారు. మునుపు హోంగార్డుగా చేసిన పూలమ్మ నా పక్కన నడిచింది. నేను మళ్లీ గడప గడపకూ వెళ్లాను.

మధ్యలో మరిపెడలో మా చెల్లెలి పెళ్లి వచ్చింది. పూలమ్మను తోడు పంపమని అడిగాను. “ప్రచారంల నీ పానం జనం బాధ్యత. పెండ్లి నీ ఇంటి ముచ్చట. జనం పైస ఆడికి రాదు బిడ్డా” అన్నారు. నా మనసు చివుక్కుమంది. తీరా బస్టాండుకు వెళ్తే, సొంత టికెట్టు కొనుక్కుని ఆయనే నిలబడి ఉన్నారు! మోకాళ్ల నొప్పితో మరిపెడ దాకా వచ్చి, నన్నూ పూజనూ తిరిగి ఇంటి దగ్గర దింపి వెళ్లారు.

అలాంటి మనిషిని ఎక్కడ వెతకాలి?

మనం గెలిచాం. నాలా తెరిపించాం. పోయిన వానాకాలం మన ఇళ్లలోకి నీళ్లు రాలేదు. ఇప్పుడు మడికొండలో హారిక పోటీకి దిగుతోంది. అక్కడివాళ్లు కూడా ముందుగా చందా ఇచ్చినవాళ్లను కూర్చోబెట్టి, ఆమె కాపలా సంగతి తేల్చుకున్నారు. మొన్న హారిక నాతో అంది: “భయమైతాంది అక్కా. కానీ నేను ఒక్కదాన్నే గాను.”

చిన్నమ్మా, కాక మాకు ఇచ్చి వెళ్లిన ధైర్యం అది.

మన నోళ్లు మూయించాలని రాళ్లు వేసినవాళ్లున్నారు. వాళ్లకు మనం లొంగలేదు. ఈ రోజు మాత్రం మనంతట మనమే, కాక మీద ప్రేమతో, కాసేపు మాట ఆపుదాం. అందరూ లేవండి.