పరీక్షకి వేసిన కొసరు

హలో… ఆ, నేనే పిన్నిగారూ, ఉమాశంకర్‌ని… సౌండు కొట్టు ఉమాశంకర్‌ని, మరెవరు?… గొంతు పోల్చుకోలేదేటి?…

కాదు కాదు, మీ తప్పు కాదు. నాకు రెండు రోజులుగా జలుబు. గొంతు నాకే పోల్చుకోలేకుండా ఉన్నాది. దీన్ని కూడా మతిమరుపు ఖాతాలో వేసెయ్యకండి.

…పూజ చెప్పింది. పొద్దున్న మా కొట్టు ముందరే కదా మిమ్మల్ని ఆటో ఎక్కించింది. అత్తగారిని ఎక్కడికమ్మా అంటే, మతిమరుపు డాక్టరు దగ్గరికి అన్నాది… ఆ… హాస్పిటల్‌కి వచ్చేసినారా? కూర్చోడానికి చోటు దొరికిందా?… ఫ్యాను కిందేనా?…

టోకెన్ ఎంత?… పదిహేడు. ఇప్పుడు ఎంత నడుస్తన్నాది?… తొమ్మిది. అయితే టైమ్ ఉన్నాది.

…ఏటీ లేదు. ఊరికే… టీ తాగినారా?… ఎందుకు తాగలేదు? పరగడుపున రమ్మని ఎవరు చెప్పినారు? తలకాయ చూడ్డానికి కడుపు మాడ్చుకోవడం ఎందుకూ?…

—చెప్తాను. చెప్తాను పిన్నిగారూ, దానికే చేసినాను… దాదా, ఏక్‌టు దాఁడాన్… పాఁచ్ మినిట్… మీక్కాదు, ఎవరో బెంగాలీ ఆయన జెరాక్స్ కోసం వస్తే కాస్త ఆగమన్నాను. ఉండండి, షట్టర్ సగం దించేస్తాను…

ఆ. ఇప్పుడు ఎవరూ లేరు. పూజ పక్కనే ఉన్నాదా?… మందుల కిటికీ దగ్గరికి ఎల్లిందా? సరే. ముందు మీరే వినండి.

శ్రీవిద్య సంగతి. పరబ్రహ్మం మాస్టారి అమ్మాయి… ఆ, చైనాలో హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు చెప్తాది కదా… ఆ పరీక్ష సంగతే…

వద్దు పిన్నిగారూ. సారీ మీరు చెప్పకండి. మీరు నాకు సారీ చెప్తే ఈ ఫోను చెవి దగ్గర పట్టుకోలేను నేను.

…లేదు, మీకు తెలిసిందే గాని మొదట్నుంచి చెప్పనీండి. మొదట్నుంచి కూడుకుని రాకపోతే నాకు ఏ లెక్కా తేలదు.

అక్కడ నూట అరవై మంది పిల్లలు. సగం మందికి పాఠం కాగితం మీద ఇస్తారు. మిగతా సగానికి అదే పాఠం వినిపిస్తారు, మీ గొంతులో, ఒక్కటంటే ఒక్కసారి. తరవాత అందరికీ అవే ప్రశ్నలు. కంటికి ఎంత అందింది, చెవికి ఎంత అందింది, ఆ తేడా ఎంత… ఆ, అదే. వారం మార్చి వారం ఆ సగాన్నీ ఈ సగాన్నీ తిరగెయ్యడం కూడా ఉన్నాది. నేను మరిచిపోయినాను, మీరు మరిచిపోలేదు. చూసుకోండి, ఎవరికి చూపించాలో డాక్టరుకి.

…నవ్వకండి పిన్నిగారూ. మీరు నవ్వితే ఇంకా కష్టంగా ఉన్నాది.

మీరు ఇక్కడే కూర్చుని చదివినారు, లోపలి గదిలో. ఫ్యాను ఆపీసి, చెమటలు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటా… బండి కూత పెడితే ఆగడం, పోయాక మళ్ళీ మొదలెట్టడం. ఇరవై నాలుగు పాఠాలు. స్టేషన్‌లో ముప్ఫై ఏళ్ళు మైకులో మూడు భాషల్లో బండ్లు చెప్పిన గొంతు కదా, ఒక్క మాట నలగలేదు…

మొదటి ఆరు పంపినాను. శ్రీవిద్య ఫోన్ చేసింది. ‘మావయ్యా, విన్న పిల్లలకి సగం కూడా అందలేదు’ అన్నాది. మామూలుగానే అన్నాది. తనకి కావలసింది ఆ తేడాయే కదా, ఉన్నది ఉన్నట్టు తెలియాలని. నాకేటి తెలుసు అవన్నీ? నాకు వినబడింది ఒకటే. మన సరుకు బాగోలేదు.

…మీ చదువు కాదు పిన్నిగారూ. నా సరుకు అనుకున్నాను. ఎల్లిన సరుకు కొన్నవాడికి పనికిరాలేదంటే రెండోసారి మన గుమ్మం తొక్కుతాడా? మా నాన్న బియ్యం కొట్టు మీకు తెలుసు కదా. తూకం అయిపోయాక ఒక గుప్పెడు కొసరు వేసి గాని సంచీ మూతి కట్టేవాడు కాదు. కొసరు వెయ్యని చెయ్యి వ్యాపారానికి పనికిరాదురా అనేవాడు. నేను అదే పాలు తాగి పెరిగినాను…

ఎంత వచ్చింది టోకెన్?… పదకొండా. సరే.

అందుకని మిగతా పాఠాల్లో కొసరు వేసినాను.

…కంప్యూటర్‌లో. మీ గొంతునే. లైబ్రరీ పాఠం ఉన్నాది కదా… అదే, ‘లైబ్రరీ గురువారం మూడున్నరకి మూసేస్తారు’ అన్న ముక్క. ప్రశ్న దాని మీదే. ఆ ముక్కని కోసి, పక్కన ఇంకోసారి అతికించినాను. చీరల కొట్టు ప్రచారానికి ఆటో మీద ఫోన్ నంబరు రెండుసార్లు ఎలా తిప్పుతానో, అలాగే. మధ్యలో ఊపిరి తీసుకున్నంత ఖాళీ పెట్టినాను. రెండోదాన్ని కొంచెం నిదానం చేసినాను. ఎవరు విన్నా మీరే రెండుసార్లు అన్నారనుకోవాలి. అతుకు తెలీదు. పని శుభ్రంగా చేస్తాను కదా నేను.

పదకొండు పాఠాల్లో చేసినాను.

…మీరు కాదు. మీరు అనలేదు పిన్నిగారూ. మీరు ఒక్కసారే చదివినారు. నేను అతికించినాను.

ఏటి?…

లేదు, మిమ్మల్ని ఊరుకోబెట్టడానికి కాదు. పూజ చెప్పమనలేదు, పూజకి ఇందులో ఒక్క ముక్క తెలీదు… అయ్యో, నేను మంచివాణ్ణి కాదు పిన్నిగారూ! ‘ఉమా మంచివాడు, ఈ ముసలిదాని బాధ చూడలేక నెత్తిన వేసుకుంటన్నాడు’ అంటన్నారు, నాకు చెవుల్లో సీసం పోసినట్టు ఉన్నాది. వినండి. మిగతాది కూడా వినండి.

శ్రీవిద్య పట్టుకున్నాది. విన్న పిల్లలు చదివిన పిల్లల్ని దాటిపోయినారంట. అదీ అన్ని ప్రశ్నల్లో కాదు, సరిగ్గా ఆ పదకొండింటిలోనే. మళ్ళీ మళ్ళీ విని, నాకు ఫోన్ చేసింది. ‘మావయ్యా, ఆ మాటలు రెండేసిసార్లు ఎందుకు వస్తన్నాయి?’ అన్నాది. నేను ఏటన్నానో తెలుసా?… ‘పిన్నిగారికి స్టేషన్ అలవాటు తల్లీ. పెద్దతనం కూడా. తెలీకుండానే రెండోసారి వచ్చేస్తాది’ అన్నాను.

…ఆ. నేనే. ఆ మాట పుట్టింది నా నోట్లో. శ్రీవిద్య కనిపెట్టింది కాదు, వాళ్ళమ్మ కల్పించింది కాదు.

ఎంత బాగా అతికిందో చూడండి. బండ్లు చెప్పిన మనిషి ఒకటికి రెండుసార్లు అన్నాదంటే ఈ రైలు ఊళ్ళో ఎవరు కాదంటారు? ఇంకే ఊళ్ళో అయినా ఎవరైనా ఆలోచించును. శ్రీవిద్య చెప్తే వాళ్ళమ్మ నమ్మింది. వాళ్ళమ్మ చెప్తే గుళ్ళో నమ్మినారు. ట్రాఫిక్ లైన్లలో రైల్వే క్వార్టర్లన్నీ నమ్మినాయి. ఆఖరికి మీరే నమ్మేసినారు.

…పూజ అన్నీ చెప్పింది. సాయంత్రం వరండాలో ఇంగ్లీషు చెప్పడం మానేసినారంట. పిల్లలు వస్తే, తప్పులు నేర్పేస్తానమ్మా ఎల్లండి అని పంపించేస్తన్నారంట. గ్యాసు కట్టినారో లేదో నాలుగేసిసార్లు చూస్తన్నారంట. బీరువా తాళాలు తీసి తన చేతిలో పెట్టేసినారంట…

నాకు పడుచుతనంలో ఒక్క దొంగ తూకం లేదు పిన్నిగారూ. ఎవరినైనా అడగండి. యాభై రెండేళ్ళకి కొసరు వేసి దొంగనైపోయినాను. శ్రీవిద్యే అన్నాది, ‘పరీక్షంటే తూకపు రాయి మావయ్యా, దాని బరువు మారితే ఇంక ఏది తూచినా అబద్ధమే’ అని. ‘మా పిల్లలకి చెవి కుదిరింది’ అని వాళ్ళ హెడ్మాస్టరు అప్పటికే వినే క్లాసు తగ్గించేసినాడంట. ఏడాది చివర వాళ్ళకి పెద్ద పరీక్ష. ఏ దేశం పిల్లలో, ఎవరి కడుపున పుట్టినారో… నా గుప్పెడు వాళ్ళ నోటి దగ్గర అన్నం తీసేసింది.

…ఇంకా చెప్పలేదు. శ్రీవిద్యకి మీ తరవాతే. ఇది పెట్టగానే చేస్తాను…

నమ్మరేటి?… ఇంకా నమ్మరా?… మరే. నిన్నటి దాకా మీ మీద చెప్పిన నోరు, ఇయ్యాల కాదంటే ఎందుకు నమ్ముతారు. డాక్టరు ఏదంటే అదే నిజమంటారా?… పద్నాలుగు వచ్చేసిందా?

అయితే రుజువు చూపిస్తాను. ఉండండి. మీ అసలు రికార్డింగు ఉన్నాది, నేను చెయ్యి పెట్టకముందుది. ఫోను స్పీకరు దగ్గర పెడతన్నాను. చెవికి గట్టిగా ఆన్చుకోండి, రెండో చెవి మూసుకోండి… ఆ… లైబ్రరీ పాఠం…

…

…

విన్నారా?… ఎన్నిసార్లు?… ఆ, ఒక్కసారే. ఇప్పుడు నేను పంపింది పెడతాను, తేడా మీకే తెలుస్తాది…

…

విన్నారు కదా. ఆ రెండోది మీది కాదు. మీ తలకాయ గడియారంలా ఉన్నాది పిన్నిగారూ. తిరుగుతున్న గడియారాన్ని నేను ఆగిపోయిందన్నాను, మీరు నమ్మి గోడ మీంచి దించేసుకున్నారు. మళ్ళీ పెట్టుకోండి. ఆ డాక్టరు దగ్గర మీకు పనేటీ లేదు…

పిన్నిగారూ?… ఏటంటన్నారు?… సరిగ్గా వినబడలేదు…

……

ఆ. అన్నాను.

…పోయిన బుధవారం. వాన పడతన్నాది. తడిసిపోయి వచ్చినారు. బల్ల మీద చెయ్యి పెట్టి, ‘ఒక్కసారి వినిపించు ఉమా, నేను నిజంగా అలా అన్నానో లేదో నా చెవులతో వింటాను’ అన్నారు…

చెరిపేసినానన్నాను.

…ఉన్నాది. అసలుది అప్పుడూ ఈ కంప్యూటర్లోనే ఉన్నాది. మీ మోచెయ్యి పక్కనే. ఒక్క బటను నొక్కితే వచ్చును. మీరు అలా అయిదు నిమిషాలు నిల్చున్నారు. అయిదు నిమిషాలూ నేను నొక్కలేదు.

…ఎందుకంటే… ఎందుకంటే లెక్క వేసినాను. మీ బెంగ ఒక పళ్ళెంలో పెట్టినాను, నా కొట్టు పేరు ఒక పళ్ళెంలో పెట్టినాను. బెంగ నాలుగు రోజుల్లో తగ్గిపోతాదనుకున్నాను. పేరు పోతే రాదనుకున్నాను… తప్పు లెక్క. కాదు, తప్పు లెక్క అంటే తెలీక వేసినట్టు ఉంటాది. తెలిసే వేసినాను. మీరు గుమ్మం దిగి, చెప్పులు ఎక్కడ విడిచినారో వెతుక్కుంటుంటే కూడా చూసినాను. నా వల్లే వెతుక్కుంటన్నారని తెలిసి, లోపలికి ఎల్లి కూర్చున్నాను.

ఎనిమిది రోజులు పిన్నిగారూ. ఈ పొద్దున్న పూజ నోట డాక్టరన్న మాట వినకపోతే తొమ్మిదో రోజు కూడా ఊరుకుందును.

…తిట్టండి…

తిట్టరేటి?… ఏదో ఒకటి అనండి. ఎదవా అనండి. మా అమ్మ ఉంటే చీపురు తీసును.

హలో?… హలో?…

ఆ… పూజా? నువ్వా తల్లీ?… ఆ, నేనే. నీకూ చెప్తాను, అంతా చెప్తాను, ముందు అత్తగారేరి?… పిలిచేసినారా, పదిహేడు?… లోపలికి ఎల్లినారా?… ఎల్లలేదా? మరి?…

లేచి నిల్చున్నారా… డాక్టరు గది వేపు కాకుండా బెంచీల వేపు తిరిగి… ఏటి చేస్తన్నారు?… అందరికీ చెప్తన్నారా! ఏటని?…

‘నా మతి బాగానే ఉన్నాది’ అని…

ఇంకా?… నా పేరు చెప్పినారా?… కొట్టు పేరు?… సుభాష్‌పల్లిలో ఏ సందో కూడానా?… అందరూ వింటన్నారా?… కాంపౌండరు కూడా బయటికి వచ్చి… ఆ.

ఏ భాషలో?… బెంగాలీ అయిపోయిందా? ఇప్పుడు హిందీ.

వద్దు, ఆపకు! చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టకు తల్లీ. నా మాట విను. ఆపే హక్కు నాకూ లేదు, నీకూ లేదు. ఫోను అటు తిప్పి పట్టుకో… ఇంకొంచెం దగ్గరగా… ఆ, వస్తన్నాది. అదే గొంతు. ఒక్క మాట నలగలేదు.

…లేదమ్మా, నేను కట్ చెయ్యను. స్పీకర్‌లో వేసి బల్ల మీద పెడతన్నాను, నిల్చుని వింటాను. ఇంగ్లీషు ఇంకా మిగిలున్నాది కదా.