జేబులో ఫ్యూజులు

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళం నోరు రాక ఊరుకున్నాం.

తుఫానుకు చీరాల అవతల కరెంటు స్తంభాలన్నీ పడిపోయాయి. తొమ్మిది రోజులుగా వాటిని లేపుతున్న గ్యాంగు ఆ పొద్దున మిరపచేల పక్కన రెబ్కా టీ బంకు దగ్గర కూలబడింది. ఒకడైతే గ్లాసు చేతిలో ఉండగానే నిద్రపోయాడు. "తాగి లేవండయ్యా, ఇంకా నలభై ఉన్నాయి" అన్నాడు కుర్ర ఇంజనీరు, ఏఈ చైతన్యకృష్ణ. అతని కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

బల్ల చివర ఇద్దరు రిటైరైనవాళ్ళు కూర్చున్నారు: లైన్‌మన్ బాషా, అతని పాత లైన్ ఇన్‌స్పెక్టర్ వెంకటనారాయణ. పెద్దాయన గొంతు సవరించుకోగానే బాషా తల దించుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా వింటున్న కోతే. ఒక్కనాడూ అడ్డు చెప్పలేదు.

"ఒరేయ్ అబ్బాయిలూ, ఆ పెద్ద తుఫానప్పుడు నా గ్యాంగూ ఇట్టాగే వాడిపోతే నేనేం చేశానో తెలుసా? ఎవడూ లైను వెయ్యకుండా ఫ్యూజులన్నీ పీకి జేబులో వేసుకుని, రెండు గంటలు పడుకోండ్రా, ఎవడొస్తాడో నేను చూస్తానన్నా. పడుకున్నారు. రెండు గంటలా? నాలుగు రోజులు! ఆ గురకకి కల్లంలో మిరపకాయలు లేచి ఒంగోల్లో పడ్డాయి!"

"ఘాటుకి ఒంగోలంతా తుమ్మిందా బాబాయ్?" అంది రెబ్కా.

"తుమ్మడమేంటే, ఆ తుమ్ములకే సగం తీగలు బిగుసుకున్నాయి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు లేని ఊళ్ళలో గురక గాలికే ఫ్యాన్లు తిరిగాయి. పెద్దాఫీసరు తిట్టడానికొచ్చి, జీపులోనే తలవాల్చాడు. నాలుగోనాడు మావాళ్ళు కళ్ళు తెరిస్తే ఏముంది? మనకోసం ఇంత అలిసిన మనుషులా అని స్తంభాలే సిగ్గుపడి, వాటంతటవే లేచి, వరసగా నిలబడున్నాయి!"

గ్యాంగు నవ్వింది. ఏఈ కూడా నవ్వి, "బాగుంది పెద్దాయనా. ఇక పదండి" అని లేచాడు. గ్లాసుతో నిద్రపోయినవాడు ఉలిక్కిపడి, తూలుతూ నడుముకి తాడు కట్టుకోబోయాడు.

బాషా ఆ తాడు చూశాడు.

"నారాయణన్నా," అన్నాడు మెల్లిగా, "ఆ నాలుగు రోజులూ మన గ్యాంగులో మాలిక్ ఎక్కడ పడుకున్నాడు?"

రెబ్కా స్టవ్ తగ్గించింది.

"అరగంట పడుకుంటానన్నా అన్నాడు," అన్నాడు పెద్దాయన. "ఇంకొక్క స్తంభంరా అన్నాను. పైన కునుకొచ్చి జారాడు వాడు, మళ్ళీ లేవలేదు. నేను ఎవర్నీ పడుకోబెట్టలేదయ్యా. ఒక్కణ్ణీ."

ఆ తూలుతున్న కుర్రాడి నడుం తాడు ఏఈ తనే విప్పాడు. మిరపకాయలు ఆరబోసే పట్టాలు పరిచి అందర్నీ పడుకోమన్నాడు. లైను ఫ్యూజులు పీకి తెచ్చి వెంకటనారాయణ చేతిలో పెట్టాడు.

ఆయన వాటిని జేబులో వేసుకుని, రోడ్డుకి అడ్డంగా స్టూలేసుకుని కూర్చున్నాడు. ఆఫీసు నుంచి ఫోనొచ్చినప్పుడల్లా "ఇవాళ ఎవరూ ఎక్కరు" అన్నాడు. బాషా పక్కనే కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఒక్క స్తంభమూ లేవలేదు.

పిల్లలూ, రేపు మీ కిందా పదిమంది పనిచేస్తారు. వాళ్ళకి ఈ కథ చెప్పండి. కోతలు మీ ఇష్టం, ఎన్నయినా కలపండి. మాలిక్ అరగంట అడిగాడన్నది మాత్రం తీసేయకండి.